చేర్యాల, పెంబర్తి.. ఇక్కడ ఇళ్లే ఆర్ట్ గ్యాలరీలు! వరంగల్ నుంచి ఒక్కరోజులో వెళ్లి రావొచ్చు

వరంగల్: వీకెండ్ వచ్చిందంటే మనవాళ్లకు గుర్తొచ్చేవి రామప్ప, లక్నవరం, భద్రకాళి చెరువు కట్ట. కానీ హైదరాబాద్ హైవే మీద కాస్త ముందుకు వెళితే బొమ్మలు గీసే ఊరు ఒకటి, ఇత్తడికి ప్రాణం పోసే ఊరు ఒకటి ఉన్నాయి. రెండూ పాత వరంగల్ జిల్లాలోవే. 2016లో జిల్లాలు విడిపోయాక చేర్యాల సిద్దిపేటకు, పెంబర్తి జనగామకు వెళ్లాయి. టికెట్ కౌంటర్లు, ఏసీ హాళ్లు ఉంటాయనుకోకండి. కళాకారుడి ఇల్లే ఇక్కడ స్టూడియో, ముందు గదే గ్యాలరీ.

ఇంతకీ ఏంటి స్పెషల్? ఎందుకు వెళ్లాలి?

చేర్యాల పటం.. ఆ కాలం వీడియో

మనం ఫోన్‌లో వేలితో వీడియోలు పైకి తోస్తూ చూస్తాం కదా. చేర్యాల పటం దాదాపు అలాంటిదే. సుమారు మూడడుగుల వెడల్పు, ఒక్కోసారి నలభై, యాభై అడుగుల పొడవుండే గుడ్డ మీద కథంతా గళ్లుగళ్లుగా గీస్తారు. ఊరి మధ్యలో రాత్రిపూట పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ, పాట పాడుతూ కథ చెప్పేవాళ్లు. కథ అయిపోవడానికి రోజులు పట్టేది.

ఈ పటాలు గీసేవాళ్లు నకాషీలు. గీయించుకునేవాళ్లు కథ చెప్పేవాళ్లు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్తారు. మాదిగలకు డక్కలి వాళ్లు జాంబ పురాణం, గౌడలకు గౌడ జెట్టిలు గౌడ పురాణం, యాదవులకు మందెచ్చుల వాళ్లు కాటమరాజు కథ చెప్తారు. అంటే ఒక్కో కులానికి తన పుట్టుక కథ ఈ బొమ్మల్లోనే ఉండేది. పాతబడి చిరిగిన పటాన్ని పారేయరు. పూజ చేసి నదిలో కలుపుతారు. అందుకే బాగా పాత పటాలు ఎక్కువగా దొరకవు.

ఎలా తయారవుతుంది?

ముందు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు జిగురు కలిపి మూడు సార్లు పూత పూస్తారు. ఒక పూత ఆరాకే ఇంకో పూత. ఆ తర్వాత కుంచెతో నేరుగా బొమ్మ గీస్తారు. వెనకాల అంతా నిండు ఎరుపు ఉంటుంది. చేర్యాల బొమ్మను దూరం నుంచే గుర్తుపట్టేది దీంతోనే. ఒకప్పుడు నలుపుకు దీపం మసి, ఎరుపుకు ఇంగిలీకం వాడేవాళ్లు. ఇప్పుడు కొన్నింటికి షాపు రంగులూ వాడుతున్నారు.

పటాలే కాదు, మాస్కులూ ఫేమస్. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి ముఖం దిద్ది రంగులేస్తారు.

పెంబర్తి.. రేకు మీద సుత్తి దెబ్బ

పెంబర్తిలో వీధిలోకి అడుగుపెట్టగానే టక్ టక్ శబ్దం వినిపిస్తుంది. ఇత్తడి రేకును లక్క దిమ్మె మీద పరిచి, చిన్న చిన్న ఉలులతో కొడుతూ బొమ్మను పైకి ఉబ్బిస్తారు. పోత పోయడం కాదు, ప్రతి గీతా చేతి దెబ్బే. కాకతీయుల కాలంలో గుళ్లకు, రథాలకు తొడుగులు చేసిన పనితనంగా దీనికి పేరు. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరు డబ్బాలు చేశారు. ఇప్పుడు ధ్వజస్తంభాల తొడుగులు, మకర తోరణాలు, మెమెంటోలు ఎక్కువ. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పెంబర్తి కూడా ఉంది.

మరి సమస్య ఎక్కడ?

రెండు కళలకూ జీఐ గుర్తింపు ఉంది. పేరుకు లోటు లేదు. లోటల్లా ఆర్డర్లకే. సినిమా, టీవీ వచ్చాక ఊళ్లలో పటం కథ వినేవాళ్లు తగ్గారు. కథ చెప్పేవాళ్లు తగ్గితే పటం గీయించేవాళ్లూ తగ్గినట్టే. దాంతో నలభై అడుగుల పటం గోడకు తగిలించే ఫ్రేమ్ అయింది, కీచైన్ అయింది. ఇప్పుడు చేర్యాలలో ఈ పని చేస్తున్న కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొందరు హైదరాబాద్ వెళ్లిపోయారు. పెంబర్తిలోనూ మిషన్ మీద చేసిన చవక మెమెంటోతో చేతిపని పోటీ పడాల్సి వస్తోంది.

ఒకప్పుడు ఈ కళను పోషించింది గుడి, కులం, కథకుడు. ఇవాళ ఆ చోట్లో ఉన్నది ఎక్కువగా కొనుక్కునేవాళ్లే. అంటే మనమే.

అసలా, నకిలీనా? ఇలా చూడండి

* చేర్యాల బొమ్మను ఫోన్ కెమెరాతో బాగా జూమ్ చేయండి. ప్రింట్ అయితే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. చేత్తో గీసిందైతే కుంచె గీత లావు సన్నం అవుతూ ఉంటుంది.
* వెనక్కి తిప్పి చూడండి. అసలుదైతే పూత పూసిన గుడ్డ కాస్త బిరుసుగా తగులుతుంది.
* పెంబర్తి రేకు పని అయితే ముందు ఉబ్బిన చోట వెనకాల గుంట ఉంటుంది. వెనకంతా చదునుగా, బరువుగా ఉంటే అది పోత పోసింది కావొచ్చు. అడగండి.

ఎలా వెళ్లాలి?

హన్మకొండ నుంచి జనగామ 60 కిలోమీటర్ల లోపే. బస్సులు, రైళ్లు రెండూ ఉన్నాయి. జనగామ దాటి హైదరాబాద్ వైపు కొద్ది కిలోమీటర్లు వెళితే పెంబర్తి. మళ్లీ జనగామకు వచ్చి సిద్దిపేట రూట్ పడితే చేర్యాల. దగ్గర్లోనే కొమురవెల్లి మల్లన్న గుడి కూడా ఉంది కాబట్టి దర్శనం కూడా అయిపోతుంది.

ఒక్క మాట. అవి వాళ్లు కాపురముండే ఇళ్లు. అడిగాకే లోపలికి వెళ్లండి, అడిగాకే వీడియో తీయండి. బొమ్మ కొనేముందు ‘ఇందులో కథ ఏంటి?’ అని అడగండి. బేరం సంగతి తర్వాత, ముందు ఆ కథ వినండి. బొమ్మతో పాటు ఆ కథ కూడా మీ ఇంటికి వస్తుంది. ఇంట్లో పిల్లలకు ఆ గోడ దగ్గర నిలబెట్టి చెప్పడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.