మూత్రం బిగబట్టవద్దు

తెల్లవారుజామున పాలు తెచ్చే సోదరీమణులలో చాలామంది ఒక సంగతి బయటకు చెప్పుకోరు. ఇంట్లో మరుగుదొడ్డి ఉన్నా పొలంలో ఉండదు. అందుచేత పగలంతా నీళ్లు తక్కువ తాగి, వచ్చిన మూత్రాన్ని ఇల్లు చేరేదాకా ఆపుకుంటారు. గేదెకు తొట్టినిండా నీళ్లు పెట్టే చేతులే ఇవి!

స్త్రీల మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. సూక్ష్మక్రిములు సులువుగా మూత్రాశయంలోకి ఎక్కుతాయి. మూత్రం పోతూ ఉంటే అవి కొట్టుకుపోతాయి. నిలవ ఉంటే, చల్లబరచని పాలలో మాదిరి పెరుగుతాయి.

మూత్రం లేత గడ్డిరంగులో వచ్చేటన్ని నీళ్లు తాగాలి. పలుచని మజ్జిగ కూడా మంచిదే, టీ తగ్గించాలి. 3, 4 గంటలకొకసారి మూత్రానికి వెళ్లాలి. మలబద్ధకం మూత్రాశయాన్ని ఒత్తుతుంది గనుక ఆకుకూరలు, జొన్న, రాగి మానరాదు.

దగ్గినా, పాలక్యాను ఎత్తినా చుక్కలు పడేవారు మూత్రం ఆపుకొనే కండరాలను 5 సెకండ్లు బిగించి వదలాలి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు. మూత్రవిసర్జన సమయంలో మాత్రం చేయరాదు. గుణం కనిపించడానికి కొన్ని నెలలు పడుతుంది.

మంట, చలిజ్వరం, నడుము పక్కల నొప్పి, నెత్తురు కనిపిస్తే బార్లీనీళ్లతో కాలయాపన చేయక డాక్టరును చూడాలి. గర్భిణులు ఆ రోజే వెళ్లాలి.

పాలకేంద్రం వద్ద తలుపు, గడియ, నీటివసతి ఉన్న మరుగుదొడ్డి లేని సంఘాలు, ఆ విషయాన్ని వచ్చే సర్వసభ్య సమావేశపు ఎజెండాలో చేర్చవలెను.