ఇచ్చామంటే సరిపోదు, అందిందా అని అడగాలి: కార్తీక్ మురళీధరన్ పరిశోధనలు చెప్పేదిదే

పింఛన్ మంజూరైంది. లిస్టులో పేరూ ఉంది. డబ్బు మాత్రం చేతికి రాదు. మండల ఆఫీసులో అడిగితే 'పైనుంచి రాలేదు' అంటారు, పైవాళ్లేమో 'అందరికీ ఇచ్చేశాం' అంటారు. మరి మధ్యలో ఏం జరుగుతోంది? ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న వెంటే తిరుగుతున్న ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్. హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసిన ఆయన ఇప్పుడు అమెరికాలోని శాన్‌డియాగోలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రొఫెసర్. ఆయన పేరు తెచ్చుకున్న పరిశోధనల్లో చాలావరకు మన తెలుగు జిల్లాల్లో జరిగినవే.

2003లో ఆయన, సహచరులు దేశమంతటా సర్కారు బడులకు చెప్పకుండా మనుషుల్ని పంపి చూశారు. ప్రాథమిక పాఠశాలల్లో 25 శాతం టీచర్లు ఆ రోజు బడికే రాలేదు. పాఠం చెబుతూ కనిపించినవాళ్లు సుమారు సగం మందే.

తిట్టడం తేలికే, మార్చడమెలా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చి చూశారు. ఆ బోనస్ సగటున జీతంలో 3 శాతమే. అయినా రెండేళ్లలో పిల్లలు లెక్కల్లో, భాషలో మిగతా బడుల కంటే ముందుకెళ్లారు.

తర్వాత ఉపాధి హామీ కూలి, పింఛన్ల వంతు. వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకునే స్మార్ట్‌కార్డులను 8 జిల్లాల్లోని 157 మండలాల్లో పరీక్షించారు. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి వెనక అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. దాంతో పోల్చి చూడటం కుదిరింది. కార్డులు ముందొచ్చిన మండలాల్లో కూలి డబ్బు త్వరగా అందింది. ఉపాధి హామీలో మధ్యలో మాయమయ్యే సొమ్ము 41 శాతం తగ్గింది. కొత్త పద్ధతి వాడినవారిలో 90 శాతానికి పైగా పాతదానికంటే ఇదే మేలన్నారు.

ఇక్కడో కిటుకుంది. పక్కదారి ఆదాయం పోయినవాళ్ల ఫిర్యాదులు పెద్దల దాకా వెళ్తాయి, డబ్బు సక్రమంగా అందిన కూలీ సంతోషం అక్కడికి చేరదు. ప్రభుత్వం ఒక దశలో కార్డులను ఆపేద్దామనుకుంది. ఆపకుండా ఉండటానికి ఈ సర్వే లెక్కలూ ఒక కారణం.

2018లో తెలంగాణ రైతుబంధు చెక్కులప్పుడు ఇంకా తక్కువ ఖర్చుతో పని జరిగింది. కొన్ని మండలాల వ్యవసాయ అధికారులకు 'రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందో లేదో కనుక్కుంటాం' అని ముందే చెప్పారు, అంతే. ఆ మండలాల్లో చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి 100 రూపాయలకు అయిన ఖర్చు 4 రూపాయల లోపే.

మరి వేలిముద్ర మిషన్ పెడితే అంతా బాగుపడుతుందా? లేదు. జార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు మొదట్లో అక్రమాలేమీ తగ్గలేదు. పైగా అప్పటికి ఆధార్ లింక్ కాని 20 శాతం లబ్ధిదారులకు అందే రేషన్ విలువ 10 శాతం పడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో కార్డు లేనివారికి పాత పద్ధతిలో డబ్బిస్తూనే వచ్చారు. ఒకచోట పేదలకు మేలు జరగాలని చూశారు, మరోచోట దొంగను పట్టాలని చూశారు. తేడా మిషన్‌లో లేదు, ఉద్దేశంలో ఉంది.

ఈ పరిశోధనలన్నీ కలిపి చూస్తే తెలిసేది ఒకటే. ఉద్యోగులు మంచివాళ్లా, చెడ్డవాళ్లా అన్నది కాదు అసలు ప్రశ్న. వాళ్ల పనిని ఎవరిని అడిగి కొలుస్తున్నారన్నది ముఖ్యం. పథకం అందిందా అని ప్రభుత్వం నుంచి ఫోనొస్తే చాలామంది విసుక్కుని కట్ చేస్తారు. అందలేదని అమ్మీజాన్ చెప్పే ఆ ఒక్క మాట ఫైల్లోని 'ఇచ్చేశాం'ను తప్పని తేల్చగలదు. ఓటీపీ, బ్యాంకు వివరాలు అడిగితే మాత్రం చెప్పొద్దు. అందిందా, లేదా అన్నది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి.