నల్లమల గూటికి మూషిక జింక
బోనులో పుట్టి అడవికి చేరిన ప్రాణి

మన్ననూరు (నాగర్‌కర్నూల్ జిల్లా): నల్లమల పేరు చెప్పగానే అందరికీ గుర్తుకొచ్చేది పెద్దపులి. అదే అడవిలో అడుగు ఎత్తు మాత్రమే ఉండి, సుమారు మూడు కిలోలు తూగే ఒక చిన్న ప్రాణి కోసం ప్రత్యేక ప్రయత్నం జరిగిన సంగతి జిల్లాలోనే చాలామందికి తెలియదు. హైదరాబాదులోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో పుట్టి పెరిగిన ఎనిమిది మూషిక జింకలను 2017లో అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తరలించారు. మనిషి చేతి మేత తిని పెరిగిన జీవి తిరిగి అడవిలో బతకగలదా అన్న ప్రశ్నకు అక్కడి నుంచే సమాధానం వెతకడం మొదలైంది.

పేరులో ఎలుక ఉంది, జింక ఉంది. పాత జంతుశాస్త్ర గ్రంథాలలో దీనికి తెలుగు పేరుగా కనిపించే ‘కురుపంది’లో పంది కూడా ఉంది. నిజానికి ఇది ఈ మూడింటిలో ఏదీ కాదు. నెమరు వేసే జంతువులలో అతి ప్రాచీనమైన ప్రత్యేక కుటుంబానికి చెందినది. దీనికి కొమ్ములు ఉండవు. మగవాటికి పైదవడ నుంచి చిన్న కోరలు కిందికి దిగి ఉంటాయి. గోధుమరంగు ఒంటిపై తెల్లని మచ్చలు, చారలు ఉండడం వలన ఎండుటాకుల నడుమ కదలకుండా నిలబడితే పక్కనుంచి వెళ్లేవారికి కూడా కనిపించదు. పగలు చెట్టు తొర్రలలో, రాళ్ల సందులలో దాగి ఉండి, చీకటి పడ్డాక మేతకు బయలుదేరుతుంది. రాలిన పండ్లు, పూలు, లేత ఆకులు దీని ఆహారం.

ఆరింటితో ఆరంభం

అడవిలో వీటి జాడ తగ్గిపోవడంతో 2010లో నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో సంరక్షక సంతానోత్పత్తి కార్యక్రమం చేపట్టారు. అటవీ శాఖ, కేంద్ర జంతు ప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ, సీసీఎంబీకి చెందిన అత్తాపూర్ ప్రయోగశాల లాకోన్స్ ఇందులో చేతులు కలిపాయి. మొదట చేరినవి రెండు మగవి, నాలుగు ఆడవి మాత్రమే.

స్వతహాగా బెదురు జంతువు కావడం వలన దీనిని పట్టి పరీక్షించడమే ప్రమాదం. సూదితో రక్తం తీయబోతే భయంతోనే ప్రాణాపాయం కలగవచ్చు. అందుచేత శాస్త్రవేత్తలు జంతువును ముట్టుకోకుండా దాని పెంటికలను సేకరించి, వాటిలోని హార్మోన్ల స్థాయిని బట్టి ఎప్పుడు ఎదకు వస్తున్నదో, చూలు నిలిచిందో లేదో తెలుసుకునే పద్ధతిని అనుసరించారు. గర్భధారణ కాలం సుమారు ఐదు నెలలు. సాధారణంగా ఒకటి, అరుదుగా రెండు పిల్లలు పుడతాయి. ఈనిన కొద్ది గంటలకే తల్లి మళ్లీ జత కట్టడం ఈ జాతి విశేషం. తగిన చోటు, మేత, నిశ్శబ్దం దొరికితే మంద త్వరగానే పెరుగుతుంది. ఆరింటితో మొదలైన సంఖ్య వందలకు చేరడానికి ఈ గుణమే తోడ్పడింది.

అయితే సంఖ్య ఒక్కటే చాలదు. కొద్ది జంతువుల నుంచే సంతానమంతా పుడితే దగ్గరి రక్తసంబంధం వలన లోపాలు తలెత్తుతాయి. ఏ పిల్ల ఏ తల్లిదండ్రులకు పుట్టిందో నమోదు చేయడం, జతలను మార్చడం ఇటువంటి కార్యక్రమాలకు ప్రాణం. సందర్శకులకు కనిపించని పని కాబట్టి దీని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

మచ్చికైతే ముప్పే

అసలు కష్టం ఆ తరువాతనే ఉంది. మనిషిని చూసి పారిపోని జంతువు అడవిలో ఎక్కువ రోజులు నిలవదు. అందువలన వదిలే జంతువులకు ముందుగా వ్యాధి పరీక్షలు చేసి, అడవిలోనే కంచె వేసిన ఆవరణలో కొంతకాలం ఉంచుతారు. అక్కడి వాసనలు, చప్పుళ్లు, రాలిన కాయలు అలవాటయ్యాక దారి తెరుస్తారు. నేరుగా గంప ఎత్తి విడిచిపెట్టడం కంటే ఇది నెమ్మదైన పద్ధతే గాని, బతికే అవకాశం దీనిలోనే ఎక్కువ.

అలా వదిలినవాటిలో కొన్ని చిరుతకో, అడవి పిల్లికో ఆహారం కావడం తప్పదు. దానిని నష్టంగా చూడనక్కరలేదు. అడవికి ఆ చిన్న ప్రాణి అవసరం అందుకోసం కూడా. పండ్లు తిని గింజలను మరోచోట వదిలే పని కూడా ఇది చేస్తుంది.

భయపడవలసినది మనిషి పెట్టే ఉచ్చుకు. అడవి పందికి, కుందేలుకు పన్నిన తీగ ఉచ్చు మూషిక జింకను విడిచిపెట్టదు. ఊళ్ల నుంచి అడవిలోకి వెళ్లే కుక్కలు మరో ముప్పు. ఎండాకాలంలో ఇప్పపూల కోసం, తునికాకు చిగుళ్ల కోసం ఎక్కడైనా నిప్పు పెడితే పెద్ద జంతువులు పరుగెత్తి తప్పించుకుంటాయి. ఆకుల కింద, తొర్రలలో దాగే ఈ ప్రాణికి ఆ వీలు తక్కువ. 2,611 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో ప్రతి ఉచ్చునూ సిబ్బందే వెతికి తీయడం సాధ్యం కాదు. అడవి లోపలి పెంటలలో నివసించే చెంచులకు ఈ ప్రాణి తిరిగే తావులు బాగా తెలుసు. వారి తోడ్పాటు లేకుండా కాపలా సాగదు.

పిల్ల కనిపిస్తే...

మూషిక జింక తల్లి పిల్లను పొదలో దాచి మేతకు వెళుతుంది. పాలివ్వడానికి మాత్రమే తిరిగి వస్తుంది. ఒంటరిగా కనిపించిన పిల్లను తప్పిపోయిందనుకుని, జాలితో ఇంటికి తెచ్చుకుంటే తల్లి నుంచి విడదీసినట్లే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువును పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం కూడా. గాయం లేని పిల్లను ఉన్నచోటనే వదిలి దూరంగా తొలగిపోవాలి. గాయపడినదైతే దగ్గరలోని అటవీ శాఖ కార్యాలయానికి వెంటనే తెలియజేయాలి. ఈలోగా పాలు, నీళ్లు పట్టే ప్రయత్నం చేయకూడదు.