చిన్న విమానమునకు లోహపు కాళ్లు



నేటి నా ప్రసంగమునకు విషయము చిటికెనవ్రేలంతైనను లేని యొక లోహపు కాలు. విమానముల నమూనాలను కూర్చువారు పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్కు కాలిని తీసివైచి, దానికి బదులుగా వేరుగ కొనితెచ్చి యమర్చునట్టిది. ఇంగ్లండు, అమెరికా, జపాను దేశములలో ఈ కూర్పు బాలుర యాటగానే నిలిచిపోలేదు. తలలు నెరసినవారును నెలల తరబడి దీనియందు మునిగియుందురు. మన పట్టణములలోను ఈ పెట్టెలు దొరకుచున్నవి. నా దౌహిత్రుని మూలమున నాకును వీనితో పరిచయము కలిగినది.

మన శిల్పులు తాళమానమును విడిచి విగ్రహమును చేయనట్లే, వీరును ప్రమాణమును విడువరు. అసలు విమానమున అడుగునకు నమూనాలో పావంగుళము చొప్పున చేసినచో నది 48వ వంతు. ఆరడుగులకు ఒక యంగుళమైనచో 72వ వంతు. 1939లో మొదట నెగిరిన అమెరికా యుద్ధవిమానము పి-38 లైట్నింగ్‌ను ఉదాహరణముగ గైకొందము. దాని రెక్కల వెడల్పు 52 అడుగులు. 48వ వంతున 13 అంగుళములు. ముక్కు క్రింద నొకటి, వెనుక రెండు, మూడు కాళ్లపై నిలుచు విమానమది.

నాలుగంగుళముల లావుగల ఉక్కు కాడను 48చే భాగించినచో రెండు మిల్లీమీటరులకు కొంచెము మించును. బలము కొరకు దానిని అరమిల్లీమీటరు లావు చేసిన నేమి పోయినదని తోచవచ్చును. కాని అసలు విమానమున నది దాదాపొక యంగుళము పెంపు. కొంగకు బాతు కాళ్లతికినట్లుండును. పెంచకున్నచో కాలు వంగును, నెలల శ్రమ ప్రక్కకొరిగి కూలును. చిక్కంతయు నిక్కడనే యున్నది.

గణితమెరిగినవారిచట నొక ప్రశ్న వేయవచ్చును. వస్తువు చిన్నదగుకొలది దాని బరువు ఘనమునుబట్టియు, అడ్డుకోత వైశాల్యము వర్గమునుబట్టియు తగ్గునని 1638లో వెలువడిన గ్రంథమున గెలీలియో వివరించెను. 48కి వర్గము 2,304, ఘనము 1,10,592. కాలి వైశాల్యము 2,304వ వంతునకు తగ్గినప్పుడు మోయవలసిన బరువు 1,10,592వ వంతునకు తగ్గవలెను. చీమ తనకంటె పెద్ద గింజను మోయుటయు, ఏనుగట్లు మోయలేకుండుటయు నిందువలననే. సర్వసామగ్రితో పి-38 బరువు సుమారు 17,500 పౌనులు. దానిని ఘనముచే భాగించిన 72 గ్రాములు, మన పాత తూకమున ఆరు తులములు. ఇంతమాత్రమునకు కాలేల వంగవలెను?

అసలు కాలు ఉక్కు. నమూనా కాలు పాలిస్టైరీను. వంగకుండ నిలుచుటలో ఉక్కు దానికంటె సుమారరువది రెట్లు మేలు. అదియుగాక ఈ ప్లాస్టిక్కు చిరకాలము బరువు మోసినచో విరుగకయే మెల్లమెల్లగ వంగిపోవును. మన వేసవిలో నది మరింత త్వరపడును. నమూనా గోడలును ప్రమాణమునకు లోబడవు. ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్కు అసలున దాదాపు రెండంగుళములకు సమానము. నిజమైన విమానపు రేకో, చాలచోట్ల రెండు మిల్లీమీటరులకు లోపే. వీనికి తోడు ముక్కులో సీసపు గుండ్లు. పి-38 వెనుక రెండు పొడవైన తోకదూలములుండుటచే, ముందు బరువు వేయనిచో నమూనా తోకపై కూలబడును. ఏతము త్రొక్కినవారికిది వేరుగ చెప్పనక్కరలేదు: ఇరుసునకెంత దూరమున బరువుంచిన నంత తక్కువ చాలును. సీసమును ముక్కు కొసకే త్రోయవలెను. విమానచోదకుని పీట వెనుక నింపుట కాళ్లకు వృథాభారము.

అమ్మకమునకు వచ్చు కాళ్లలో నెక్కువ వాడుకలో నున్నవి తెల్లలోహపువి. ఇది తగరము ప్రధానముగా గలది. కొన్నిట సీసమును కలియును. తక్కువ వేడిమికే కరగుటచే రబ్బరు మూసలలో పోయుదురు. మాతృక తరచుగ పెట్టెలోని ప్లాస్టిక్కు కాలే గావున దాని తప్పులన్నియు దీనికి సంక్రమించును. ఇది మెత్తనిది, వంగిన తనంత లేవదు. అయినను మూడు చక్రములును నేలనంటనిచో వ్రేళ్లతో సరిదిద్దుకొనవచ్చును.

ఇత్తడి, కంచు కాళ్లు వేరు. వీనిని పోయుటకు మన స్థపతులు పంచలోహ విగ్రహములకు వాడు మైనపు పద్ధతి, మధూచ్ఛిష్టవిధానము, పనికివచ్చును. ఇత్తడి బిగువు పాలిస్టైరీనుకంటె ముప్పది రెట్లు. కాడ బిగువు లావు యొక్క నాలుగవ ఘాతమునుబట్టి యుండును గావున, సగము లావుగల ఇత్తడి కాలు ప్లాస్టిక్కు కాలిని మించి నిలుచును. కొలతకును బలమునకును సంధి కుదుర్చగలది ఇత్తడియే యని నా యభిప్రాయము. అయితే నమూనా క్రిందపడినప్పుడు తెల్లలోహము తాను వంగి రెక్కలోని గూటిని కాపాడును; ఇత్తడి తాను నిలిచి గూటిని చీల్చును. కాబట్టి రెక్క మూయకముందే గూటికి లోపలినుండి బలము చేర్పవలెను. ప్లాస్టిక్కును కరిగించి యతుకు జిగురు లోహమును పట్టదు. సూపర్ గ్లూ త్వరగ పట్టును గాని దెబ్బకు పెళుసు. ఎపాక్సీ జిగురు మేలు.

కొలతయన్నప్పుడు పొడవును చూడవలెను. అసలు కాలిలో నూనెయు గాలియు నిండిన గొట్టమున నొక మెరుగు కాడ దిగుచు లేచుచుండును. నేలపై నిలిచినప్పుడు విమానభారమునకు నది చాలవరకు లోపలికి దిగియుండును. ఆకాశముననున్నప్పటి పొడవుతో పోసిన కాలు ఎంత సన్ననిదైనను తప్పుకాలే. నేలపై నిలిచిన విమానపు ఛాయాచిత్రమున ఆ మెరుగు భాగమెంత కనబడుచున్నదో పోల్చిచూచి, తెల్లలోహమైనచో కోసి సరిచేసికొనవచ్చును.

ఇదే విమానపు ముక్కున నాలుగు మరతుపాకులును ఒక చిన్న ఫిరంగియు నున్నవి. అరంగుళపు గుండు వెడలు రంధ్రము 48వ వంతున పావు మిల్లీమీటరు. ప్లాస్టిక్కు అచ్చున నది రాదు. లేతు యంత్రముపై తీసిన ఇత్తడి గొట్టమున వచ్చును. ఏ బరువును వానిపై నిలువదు గావున అచట తగవే లేదు. కొలత నెంతగా పాటించిన నంత మంచిది.

ఇంటి పెద్దలు గమనింపవలసినదొకటి కలదు. సీసము కలిసిన తెల్లలోహమును ఆకురాయితో రాచునప్పుడు రాలు పొడి పిల్లలకు విషము. స్వల్పమైనను మెదడు పెరుగుదలకు చేటు. కొనునప్పుడే సీసము లేనిదా యని యడుగుడు. తడిగుడ్డపై రాయించి, ఆ గుడ్డను పారవేయించి, పిల్లవాడు అన్నమునకు కూర్చుండకముందు సబ్బుతో చేతులు కడిగెనో లేదో చూడుడు. ముక్కులో సీసమునకు బదులు ఉక్కు గుండ్లు వేసినను సరిపోవును. కొంచెమెక్కువ చోటు పట్టును గాని తోక లేచియే నిలుచును.