786 నోటుకు లక్షలొస్తాయా? పాత నోట్లు అమ్మే ముందు ఈ పదాలు తెలుసుకోండి.. లేదంటే జేబుకు చిల్లే!

‘ట్రాక్టర్ బొమ్మ ఉన్న 5 రూపాయల నోటు ఉందా? మీరే లక్షాధికారి!’ ‘786 నంబర్ నోటు ఉంటే వెంటనే కాల్ చేయండి!’.. ఫోన్ తెరిస్తే చాలు, ఇలాంటి వీడియోలు కనిపిస్తూనే ఉంటాయి. నమ్మి ఫోన్ చేస్తే నోటు అమ్ముడుపోదు సరికదా.. రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ, కమీషన్ అంటూ మన దగ్గరే డబ్బులు లాగేస్తారు.

ఈ మోసాలు ఎంతగా పెరిగాయంటే.. 2021 ఆగస్టులో ఆర్‌బీఐ స్వయంగా ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో తమకు ఎలాంటి సంబంధం లేదని, వాటి కోసం ఎవరి నుంచీ ఛార్జీలు గానీ కమీషన్ గానీ అడగబోమని స్పష్టం చేసింది.

అలాగని పాత నోట్లకు అసలు విలువే లేదా అంటే.. అదీ కాదు. కాగితపు నోట్లను సేకరించి, అధ్యయనం చేయడం ప్రపంచమంతా ఉన్న అలవాటే. దీన్ని ‘నోటాఫిలీ’ అంటారు. ఇందులో వాడే కొన్ని మాటలు తెలిస్తే.. మీ దగ్గరున్న నోటు నిజంగా అరుదైనదా, కాదా అన్నది చాలావరకు మీకే అర్థమవుతుంది. ఆ మాటలేంటో చూద్దాం.

ధరను తేల్చేది ‘గ్రేడ్’

నోటు మీద రాసి ఉన్న విలువ ‘ఫేస్ వాల్యూ’. కలెక్టర్ చెల్లించే ధర వేరు. ఆ ధర రెండింటిని బట్టి ఉంటుంది. ఒకటి.. ఆ నోట్లు ఎన్ని మిగిలాయి, ఎంతమంది వెతుకుతున్నారు అన్నది. రెండోది నోటు పరిస్థితి. దీన్నే ‘గ్రేడ్’ అంటారు.

* యూఎన్‌సీ: అన్‌సర్క్యులేటెడ్. అసలు చేతులు మారని నోటు. ఎక్కడా మడత ఉండదు, మూలలు పదునుగా ఉంటాయి.
* ఏయూ: దాదాపు కొత్తదే. మధ్యలో ఒక్క లేత మడతో, లెక్కపెట్టిన గుర్తులో ఉంటాయి.
* ఎక్స్‌ఎఫ్: రెండు మూడు లేత మడతలుంటాయి. కానీ కాగితం పెళపెళలాడుతుంది.
* వీఎఫ్: కొంతకాలం వాడిన నోటు. మడతలు ఎక్కువే అయినా శుభ్రంగా, గట్టిగా ఉంటుంది.
* ఫైన్: బాగా వాడింది. మెత్తబడి ఉంటుంది, అయినా చిరుగులు పెద్దగా ఉండవు.
* ఇంకా కిందివి: వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. పేర్లు చూసి మోసపోవద్దు.. ఈ భాషలో ‘గుడ్’ అంటే బాగా నలిగిపోయిన నోటు!

ఒకే నోటు.. యూఎన్‌సీ అయితే ఒక ధర, ఫైన్ అయితే అందులో చిన్న వంతు మాత్రమే. అందుకే ‘మడతలు ఉన్నా పర్లేదు, లక్షలిస్తాం’ అని ఎవరైనా అంటే అక్కడే అనుమానించాలి.

ఇంకో మాట.. నోటు మురికిగా ఉందని కడగడం, ఇస్త్రీ చేయడం అస్సలు వద్దు. అలా చేసిన వాటిని ‘వాష్డ్’, ‘ప్రెస్డ్’ అంటారు. అనుభవం ఉన్న కలెక్టర్ ఇట్టే పసిగట్టేస్తారు, విలువ పడిపోతుంది. మరి పాత నోట్లకు ఎడమవైపు కనిపించే చిన్న చిల్లులు? అప్పట్లో బ్యాంకులు కట్టలకు పిన్నులు కొట్టేవి. ఆ తర్వాత ఆర్‌బీఐ ఈ పద్ధతిని మాన్పించింది. అందుకే పాత కాలపు నోట్లలో పిన్ను చిల్లులు లేనిది దొరికితే కలెక్టర్లకు పండగే.

నంబర్‌లోనే ఉంది అసలు కథ

* ప్రిఫిక్స్: సీరియల్ నంబర్‌కు ముందుండే అంకె, అక్షరాలు.
* ఇన్‌సెట్ లెటర్: నంబర్ వెనకాల పెద్దగా కనిపించే ఇంగ్లిష్ అక్షరం. కొన్ని నోట్లపై ఉంటుంది, కొన్నింటిపై ఉండదు.
* ఫ్యాన్సీ నంబర్: అన్నీ ఒకే అంకె అయితే ‘సాలిడ్’. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉంటే ‘రాడార్’, ఉదాహరణకు 123321. వరుసగా 123456 అని ఉంటే ‘ల్యాడర్’. 000001 లాంటివి ‘లో నంబర్’.

మరి 786? దీన్ని శుభసూచకంగా భావించి దాచుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కొందరు కాస్త ఎక్కువ ఇచ్చి కొంటారు కూడా. కానీ లెక్క చూడండి.. ఆరంకెల నంబర్లలో చివర 786 వచ్చేవి ప్రతి వెయ్యి నోట్లకు ఒకటి ఉంటుంది. అంటే ప్రతి పది లక్షల నోట్లకు వెయ్యి! మధ్యలో, మొదట్లో వచ్చేవి కలిపితే ఇంకా ఎక్కువ. అంత సులువుగా దొరికేదానికి లక్షలు ఎవరిస్తారు?

స్టార్ నోటు దొంగ నోటా? లక్షల నోటా?

ఈ నోటు మీద రెండు రకాల ప్రచారాలూ జరిగాయి. రెండూ తప్పే! ప్రింటింగ్‌లో ఏదైనా నోటు పాడైతే, 100 నోట్ల కట్టలో దాని స్థానంలో పెట్టే నోటే స్టార్ నోటు. కలెక్టర్ల భాషలో ‘రీప్లేస్‌మెంట్ నోటు’. ప్రిఫిక్స్‌కు, నంబర్‌కు మధ్య నక్షత్రం గుర్తు ఉంటుంది. 2006లో 10, 20, 50 రూపాయల నోట్లతో ఈ పద్ధతి మొదలైంది. ఇవి చెల్లవన్న పుకార్లు రావడంతో.. మిగతా నోట్లలాగే ఇవీ చెల్లుతాయని 2023 జులైలో ఆర్‌బీఐ క్లారిటీ ఇచ్చింది. కొన్ని స్టార్ సిరీస్‌లు తక్కువగా దొరుకుతాయి కాబట్టి కలెక్టర్లు వెతుకుతారు. అంతేగానీ ప్రతి స్టార్ నోటూ నిధి కాదు.

సంతకం మారితే వేరే నోటే!

నోటుపై ఆర్‌బీఐ గవర్నర్ సంతకం ఉంటుంది. 2005 నుంచి వెనుకవైపు ముద్రించిన సంవత్సరం కూడా వేస్తున్నారు. సంతకం, సంవత్సరం, ఇన్‌సెట్ లెటర్.. వీటిలో ఏ ఒక్కటి మారినా కలెక్టర్ లెక్కలో అది వేరే నోటు. దీన్నే ‘వెరైటీ’ అంటారు. మన తెలుగువాళ్లైన వై.వి.రెడ్డి 2003 నుంచి 2008 వరకు, దువ్వూరి సుబ్బారావు 2008 నుంచి 2013 వరకు గవర్నర్లుగా ఉన్నారు. ఇంట్లో పాత 10 నోటు ఉంటే ఓసారి తిప్పి చూడండి, వాళ్ల సంతకం కనిపించొచ్చు.

రూపాయి నోటు సంగతి వేరు. దాన్ని జారీ చేసేది కేంద్ర ప్రభుత్వం. అందుకే దానిపై ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది.

ఎర్రర్ నోటు అంటే చిరిగిన నోటు కాదు

ప్రెస్‌లోనే తప్పు జరిగి, తనిఖీలో దొరక్కుండా బయటకొచ్చింది ‘ఎర్రర్ నోటు’. రెండు చోట్లా వేర్వేరు నంబర్లు పడటం, ఒక రంగు అచ్చు కాకపోవడం, కాగితం మడతపడి అంచున అదనపు ముక్క మిగలడం లాంటివి. ఆ అదనపు ముక్క ఉన్నదాన్ని ‘బటర్‌ఫ్లై’ అంటారు. అయితే నంబర్‌ను చెరిపేసి ఎర్రర్ అని అంటగట్టేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్త. వాడకంలో చిరిగిన నోటైతే బ్యాంకుకు వెళ్లి మార్చుకోవడమే.

మరి నిజంగా అరుదైనవి ఏవి?

మన ప్రాంతం నుంచే మొదలుపెడితే.. నిజాం కాలం నాటి హైదరాబాద్ సంస్థానం నోట్లు. 1918లో చట్టం చేసి సంస్థానం సొంతంగా నోట్లు తెచ్చింది. ‘ఉస్మానియా సిక్కా’ నోట్లుగా వీటికి పేరు. ఉర్దూతో పాటు తెలుగులోనూ వాటిపై విలువ రాసి ఉండేది. 1938లో ఆర్‌బీఐ తొలిసారి తెచ్చిన ఆరో జార్జ్ బొమ్మ నోట్లు, 1959లో హజ్ యాత్రికుల కోసం ‘హెచ్‌ఏ’ ప్రిఫిక్స్‌తో ఇచ్చిన 10, 100 రూపాయల నోట్లు, 1978లో రద్దైన 5 వేలు, 10 వేల నోట్లు కూడా ఈ కోవలోకే వస్తాయి. ట్రాక్టర్ బొమ్మ 5 రూపాయల నోటు మాత్రం భారీగా అచ్చైంది. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉంది.

రద్దైన నోట్లు దాస్తే తప్పా?

2016లో రద్దైన పాత 500, 1000 నోట్లు ‘లీగల్ టెండర్’ కాదు. అంటే చెల్లుబాటు కావు. 2017లో తెచ్చిన చట్టం ప్రకారం ఎవరి దగ్గరైనా ఇవి పదికి మించి ఉండకూడదు. అధ్యయనం, పరిశోధన, సేకరణ కోసమైతే 25 వరకు ఓకే. మీరితే కనీసం 10 వేల రూపాయల జరిమానా పడుతుంది.

అమ్మే ముందు ఇవి గుర్తుంచుకోండి

* నోటు కొనేవాళ్లు మీకు డబ్బులిస్తారు. ముందుగా మిమ్మల్నే డబ్బులు అడిగితే అది మోసమే.
* ఆర్‌బీఐ లోగోతో లెటర్, ఐడీ కార్డు పంపినా నమ్మొద్దు. ఓటీపీ, బ్యాంకు వివరాలు ఇవ్వొద్దు.
* కేటలాగ్‌లో ఉన్న ధర మొత్తం మీ చేతికి రాదు. డీలర్ తన లాభం చూసుకునే కొంటాడు.
* కనీసం ఇద్దరు డీలర్లకు నేరుగా చూపించి, గ్రేడ్ ఎంతో అడగండి.
* ఇప్పటికే డబ్బులు పంపేశారా? ఆలస్యం చేయకుండా 1930కు కాల్ చేయండి.

అప్పటివరకు ఆ పాత నోటును మడవకుండా, పిన్ను కొట్టకుండా పదిలంగా ఉంచండి. లక్షలు రాకపోయినా.. తాతయ్య దాచిన నోటు మనవడికి చూపించడానికైనా మిగులుతుంది.