వేడి ఉక్కుపై పెరుగు పొర

కమ్మరి ఉలికి పదును పెట్టునపుడు గమనించి చూడుడు. ఎఱ్ఱగా కాల్చి నీట ముంచి గట్టిపరచిన ఉలిని రుద్ది మెరయజేసి, మరల మెల్లగా కాచినచో, సుమారు 220 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద దానిపై లేత పసుపురంగు తోచును. 300 డిగ్రీలకు అది నీలమగును. ఈ రంగు ఉక్కుది కాదు; ఇనుము గాలిలోని ఆమ్లజనితో కలిసి ఏర్పడిన మిక్కిలి పలుచని ఆక్సైడు పొరది. పొర పైతలమునుండియు, అడుగుతలమునుండియు తిరిగి వచ్చు కాంతి కలిసి, సబ్బుబుడగపై వలెనే కొన్ని రంగులను అణచివేయును. కావున రంగు తెలుపునది నిజమునకు పొర మందమును. కొంచెము తక్కువ వేడిలో చాలసేపు ఉంచినను నీలిరంగు రాగలదు!

ఆమ్లజని లోనికి చొచ్చుకొనిపోవుటవలననే పొర పెరుగునని పలువురు తలంతురు. 1929లో ఎల్. బి. ఫైల్ అను లోహశాస్త్రజ్ఞుడు ఇనుముపై పచ్చని క్రోమియం ఆక్సైడు పూసి, మిక్కిలి వేడిలో కాచి చూచెను. పూత పెచ్చు లోపల పూడుకొనిపోయెను. అనగా ఇనుమే పూతను దాటి బయటికి వచ్చినదన్నమాట. ఆక్సైడులో ఇనుప అయానులుండవలసిన చోటులు కొన్ని ఖాళీగా నుండును. వాని గుండా అయానులు పైకి జరుగును. పొర మందమైనకొలది దారి దూరమగును. అందుచే ఒక గంటలో ఒక పాలు పెరిగిన పొర రెండు పాళ్లగుటకు నాలుగు గంటలు, మూడు పాళ్లగుటకు తొమ్మిది గంటలు పట్టును. పొర పగులకుండ నున్నంతవరకే ఈ లెక్క.

ఇనుముపై 570 డిగ్రీలు దాటినపుడు ఖాళీలు మెండుగా గల ఫెర్రస్ ఆక్సైడు అడుగున చేరి, పెరుగుదల వేగమగును. 1000 డిగ్రీల వద్ద పెచ్చులో నూటికి 95 పాళ్లు అదియే.

ఇది విద్యుత్కేంద్రముల ఆవిరి గొట్టములకు ప్రాణసంకటము. గొట్టములో గాలి లేకున్నను, ఆవిరియే ఆమ్లజనినిచ్చి ఉదజనిని విడుచును. గొప్ప ఒత్తిడికి ఓర్చు ఉక్కులో నూటికి 9 పాళ్ల క్రోమియం, 1 పాలు మాలిబ్డినం కలుపుదురు. క్రోమియం చేరిన లోపొర అయానుల నడకను మందగింపజేయును, ఆపివేయజాలదు. పొర వేడిని సరిగా ప్రసరింపనీయదు గనుక, మందమైనకొలది గొట్టము మరింత కాగును. కాగినకొలది పొర మరింత పెరుగును. బాయిలరు చల్లారునపుడు ఉక్కు, పొర సమముగా కుంచించుకొనవు. పొర పగిలి పెచ్చులూడి వంపులలో చేరి ఆవిరిని అడ్డగించును. అట్టి గొట్టము వేడెక్కి పగిలిపోవచ్చును. అందుకే ఇంజనీర్లు అతిధ్వని తరంగములతో లోపొర మందమును బయటినుండియే కొలిచి, పనిచేసిన గంటలను లెక్కకట్టి, గొట్టమెంత వేడికి లోనైనదో, ఇంకెంతకాలము మన్నునో అంచనా కట్టుదురు.