తెర పాతపట్నంలో.. యంత్రం పరాయి ఊళ్లో!

"సర్వర్ లేదు, రేపు రండి."

పాతపట్నం ప్రాంత రైతులకు, పింఛనుదారులకు, చదువుకునే పిల్లల తల్లిదండ్రులకు బాగా అలవాటైపోయిన మాట ఇది. తెంబూరు నుంచి రావచ్చు, కొరసవాడ నుంచి రావచ్చు. కూలి పని మానుకుని, ఆటో చార్జీలు పెట్టుకుని వచ్చిన మనిషికి కౌంటరు దగ్గర ఈ జవాబే దొరికితే వెనుదిరగడం తప్ప గత్యంతరం ఉండదు. ఎదురుగా కంప్యూటరు వెలుగుతూనే ఉంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. మరి లేనిదేమిటి? దాన్ని ఎవరు తేవాలి?

ఇది వీధి కొళాయి లాంటి వ్యవహారం. కొళాయిలో నీరు రాకపోతే అది కొళాయి చెడినందువల్ల కావచ్చు, మధ్యలో పైపు పగిలినందువల్ల కావచ్చు, లేదా ట్యాంకే ఖాళీ అయి ఉండవచ్చు. ఏది చెడిందో చూసి దాన్ని బాగుచేస్తారు. కంప్యూటరు కౌంటరులో మాత్రం ఈ మూడు రోగాలకూ కలిపి ఒకే పేరు పెట్టేశారు. సర్వర్ అంటే నిజానికి ట్యాంకు. చాలా రోజుల్లో ట్యాంకు నిండుగానే ఉంటుంది. తెగింది పైపు, లేదా బిగుసుకుపోయింది కొళాయి.

కౌంటరులో ఉన్నది కిటికీ మాత్రమే

యంత్రం ఒకచోట, తెర మరోచోట అన్న ఏర్పాటు కొత్తదేమీ కాదు. రైలు ప్రయాణికులకు ఇది నలభై ఏళ్లుగా తెలిసిందే. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు పాతపట్నం మీదుగా నడిచిన నాటి నుంచి చాలా కాలం పాటు టికెట్టు అంటే అట్టముక్క, రిజర్వేషను అంటే ఏదో ఒక స్టేషనులో ఉండే లావుపాటి పుస్తకం. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలుపెట్టినప్పుడు గుమాస్తా ముందు ఉంచింది ఒట్టి మూగ తెర. దానికి సొంత బుర్ర లేదు. నొక్కిన అక్షరాన్ని దూరాన ఉన్న పెద్ద యంత్రానికి పంపడం, అది చెప్పింది చూపడం వరకే దాని పని. ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ 1999 నాటికి ఒకదానితో ఒకటి కలిశాక ఏ ఊరి కౌంటరులోనైనా ఏ రైలుకైనా బెర్తు దొరికే వీలు కలిగింది.

భూమి పత్రాల విషయంలో మాత్రం ముందు వేరే దారి తొక్కారు. 1998 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలోని రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో 'కార్డ్' పేరుతో కంప్యూటర్లు పెట్టినప్పుడు, ఏ కార్యాలయం యంత్రం ఆ కార్యాలయంలోనే ఉండేది. చెడితే ఇంజనీరు బస్సెక్కి రావాల్సిందే. 2011 నవంబరులో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చేసరికి లెక్క తిరగబడింది. రికార్డు దూరంగా డేటా సెంటరుకు వెళ్లింది, ఊళ్లో మిగిలింది కిటికీ.

దీనివల్ల లాభం లేకపోలేదు. ఊళ్లోని కంప్యూటరు తడిసినా, కాలినా, దొంగలు ఎత్తుకుపోయినా రైతు అడంగల్ పోదు. 1-బీ నకలు కోసం సొంత మండలానికే పోనక్కర్లేదు. అయితే యంత్రంతో పాటు దాన్ని బాగుచేసే మనిషి కూడా దూరమయ్యాడు. పూర్వం చెడినప్పుడు ఎవరిని అడగాలో తెలిసేది.

ఒకే సత్రం, వందల గదులు

పెద్ద కార్యాలయాలు, బ్యాంకులు, విదేశీ కంపెనీలకు పనిచేసే సంస్థలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఉద్యోగి వాడే కంప్యూటరునే మొత్తంగా దూరానికి తీసుకుపోయాయి. దీన్ని వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు. ఒక పెద్ద సత్రాన్ని గోడలు కట్టి గదులుగా విడదీసినట్టు, ఒకే భారీ యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ గోడలతో వందల కంప్యూటర్లుగా విడదీస్తారు. ఎవరి గది వారిది, ఎవరి తాళం వారిది. అమెరికాలో ఐబీఎం సంస్థ ఇలాంటి విభజనను 1972 నాటికే అమ్మకానికి పెట్టింది. 1989లో పుట్టిన సిట్రిక్స్ వంటి కంపెనీలు దాన్ని మామూలు గుమాస్తా బల్ల దాకా తెచ్చాయి.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ గదిలోంచి ఉద్యోగి ముందుకు వచ్చేది ఒట్టి బొమ్మ. ఉత్తరం, లెక్క, ఫైలు అన్నీ అక్కడే ఉంటాయి. ఇక్కడి నుంచి వెళ్లేది మీట నొక్కుడు, మౌసు కదలిక. అక్కడి నుంచి వచ్చేది తెర మీద మారిన భాగం. అందుకే కరెంటు పోయి లైను తెగినా చేస్తున్న పని చెడదు. గది తలుపు మూసుకుంటుందే గాని లోపలి దీపం ఆరదు. మళ్లీ లైను కలిశాక ఆగిన వాక్యం దగ్గరే తెరుచుకుంటుంది. 'మీరు ఇప్పటికే లోపల ఉన్నారు' అని కొన్నిసార్లు యంత్రం మొరాయించేది కూడా ఇందుకే. పాత గదిని దూరాన ఉన్న నిర్వాహకుడు మూసి, కొత్తది తెరవాలి. రెండు నిమిషాల పని. ఆ మనిషికి కబురు చేరడానికే పూట పడుతుంది.

శ్రీకాకుళం జిల్లా పల్లెలు ఈ వింతను 2020లో కళ్లారా చూశాయి. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన తర్వాత హైదరాబాదు, బెంగళూరుల నుంచి ఇళ్లకు చేరిన కుర్రాళ్లు డాబాల మీద, సిగ్నలు దొరికిన చెట్ల కింద కూర్చుని పనిచేశారు. ల్యాప్‌టాప్ ఊళ్లో, వారి కంప్యూటరు కంపెనీలో. అంతవరకు కాల్ సెంటర్ల వంటి సంస్థలు ఉద్యోగులను ఇంటి నుంచి పనిచేయించడానికి టెలికాం శాఖ నిబంధనలు అడ్డొచ్చేవి. అదే ఏడాది నవంబరులో కేంద్రం వాటిని బాగా సడలించింది. పగలు నిద్రపోయి రాత్రి మేలుకునే ఆ కుర్రాళ్లను చూసి పెద్దలు కంగారు పడిన మాట నిజమే. వారిలో కొందరి ఉద్యోగమే ఇతరుల దూరపు కంప్యూటర్లను బాగుచేయడం.

చెడేది ఎక్కడ?

దూరం వల్ల ఆలస్యమవుతుందని చాలామంది అనుకుంటారు. అది అపోహ. గాజు తీగలో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం పోయి తిరిగి రావడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఆలస్యమంతా చిట్టచివరి మైలులోనో, ట్యాంకు దగ్గర జరిగే తోపులాటలోనో ఉంటుంది. ప్రతి నెలా మొదటి తేదీ ఉదయం రాష్ట్రమంతటా పింఛన్ల పంపిణీకి లక్షల వేలిముద్రలు ఒకేసారి యంత్రం తలుపు తట్టినప్పుడు జరిగేది రెండో రకం. అప్పుడు నిజంగానే సర్వర్ తప్పు. ఇక్కడివారు చేయగలిగింది కాసేపు ఆగడమే.

చివరి మైలు కష్టం ఈ ప్రాంతానికి వేరుగా చెప్పనవసరం లేదు. 2017 డిసెంబరులో ఆరంభించిన ఫైబర్‌నెట్ తీగలను ఖర్చు తగ్గించడానికి భూమిలో పూడ్చకుండా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఏడాది తిరగకుండానే, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు వద్ద తీరం దాటింది. జిల్లాలో వేల స్తంభాలు నేలకూలాయి. స్తంభంతో పాటు తీగా పోయింది. కరెంటు, ఫోను, కంప్యూటరు ఒకేసారి పోతే ఇక్కడి తెర ఒట్టి గాజుపలక. ఒకే స్తంభాన్ని నమ్ముకోవడంలో ఉన్న ప్రమాదం ఆనాడే బయటపడింది. రెండో దారి, అంటే సెల్ టవరు ద్వారా నడిచే డాంగిల్ వంటిది, సిద్ధంగా ఉంచుకున్న కేంద్రం అలాంటి రోజుల్లో త్వరగా కోలుకుంటుంది.

కొన్ని చిక్కులు మరీ చిన్నవి. వాటిలో ముఖ్యమైనది గడియారం. కంప్యూటరు లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా తేదీని గుర్తుంచుకునేది అదే. పాత యంత్రాల్లో అది నీరసించి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. దూరపు యంత్రం తలుపు తెరిచే ముందు తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. దానికి ఆరంభ తేదీ, గడువు తేదీ ఉంటాయి. ఇక్కడి గడియారం 2009 అని చెబుతుంటే, ఆ పత్రం ఇంకా పుట్టనే లేదని తలచి ఈ కంప్యూటరు సంబంధం తెంచుకుంటుంది. తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. 'సర్వర్ లేదు' అంటారు. వంద రూపాయలు కూడా చేయని బ్యాటరీ మారిస్తే, లేదా తేదీ సరిదిద్దితే పని జరిగిపోతుంది.

ప్రింటరుది మరో గొడవ. పత్రం తయారయ్యేది అక్కడ, కాగితం ఉన్నది ఇక్కడ. ఇక్కడి ప్రింటరు పేరు అక్కడి యంత్రానికి అర్థం కాకపోతే పత్రం సిద్ధమైనా చేతికి రాదు. వేలిముద్ర యంత్రానికీ ఇదే తంటా. అది పంపే ముద్ర తాళం వేసిన సంచిలో ఆధార్ సంస్థ యంత్రాల దాకా వెళ్లి, అవునో కాదో తెలుసుకుని రావాలి. మధ్యలో ఏ మెట్టు జారినా తెర మీద కనిపించేది మాత్రం 'విఫలం' అన్న ఒక్క మాటే. పొలం పనితో వేళ్ల గీతలు అరిగిన పెద్దవారు తమ చేతిదే దోషమని బాధపడుతుంటారు. ప్రతిసారీ అది నిజం కాదు.

ఏమని అడగాలి?

దూరాన కూర్చుని కంప్యూటర్లు బాగుచేసేవారు మొట్టమొదట వేసే ప్రశ్నలు పెద్ద విద్యేమీ కాదు. ఒక్క కౌంటరులోనే ఆగిందా, అన్నింటిలోనా? ఒక్క సేవేనా, అన్నీనా? నిన్న పనిచేసిందా? తెర మీద వచ్చిన మాట అక్షరం పొల్లు పోకుండా ఏమిటి? పక్క ఊరి కేంద్రంలో పని జరుగుతుంటే ట్యాంకు బాగున్నట్టే, తప్పు ఇక్కడ. ఈ నాలుగు ప్రశ్నలనూ కౌంటరు ముందు నిలబడ్డ రైతు కూడా మర్యాదగా అడగవచ్చు. "బాబూ, కంప్లయింటు పెట్టారా? నంబరు వచ్చిందా?" అని అడిగితే ఇంకా మంచిది. నంబరు లేని ఫిర్యాదు దూరాన ఉన్నవారి దృష్టిలో పుట్టని బిడ్డ.

డబ్బు కట్టే సమయంలో లైను తెగితే మాత్రం జాగ్రత్త అవసరం. ఖాతాలో సొమ్ము తగ్గి, రసీదు రాకపోతే వెంటనే రెండోసారి కట్టకూడదు. మొదటి చెల్లింపు అక్కడి యంత్రంలో నమోదై ఉండే అవకాశం ఉంది. లావాదేవీ నంబరు రాయించుకుని, దాని స్థితి చూడమని అడగాలి. దరఖాస్తు నంబరు ఉంటే మరుసటి రోజు వేరే కేంద్రంలోనైనా చూసుకోవచ్చు. రికార్డు ఆ గదిలో లేదు కదా!

దూరపు చెయ్యి జేబులోకి వస్తే..

ఇదే విద్య దొంగల చేతుల్లోనూ పడింది. కేంద్రంలోని ఆపరేటరు చిక్కులో పడినప్పుడు, ఎక్కడో ఉన్న నిపుణుడు ఎనీడెస్క్ వంటి సాధనంతో అతని తెరను తన దగ్గర చూస్తూ, మౌసును తానే కదిపి సరిచేస్తాడు. సక్రమమైన పనే. దొంగ కూడా ఆ సాధనాన్నే రైతు ఫోనులో పెట్టిస్తాడు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ కేవైసీ ఆగిపోయింది, ఈ యాప్ వేసుకోండి, తెర మీద వచ్చిన తొమ్మిది అంకెలు చెప్పండి" అంటాడు. అంకెలు చెప్పి, అనుమతి మీట నొక్కిన క్షణం నుంచి ఆ ఫోను ఇద్దరిది. ఓటీపీ వస్తే ఇతని కన్నా ముందు అతడు చదువుతాడు. రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే ఈ మోసం గురించి బ్యాంకులను హెచ్చరించింది. ఆ తర్వాత ఎత్తు మార్చి, ప్రభుత్వ పథకాల పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపుతున్నారు. పని అదే, వేషం వేరు.

అసలు సహాయకుడిని, నకిలీవాడిని గుర్తుపట్టడం కష్టం కాదు. అసలువాడు ఫిర్యాదు ఇచ్చిన తర్వాతే వస్తాడు, ఫిర్యాదు నంబరు తానే చెబుతాడు, ఓటీపీ, పిన్ అడగడు. పిలవకుండా ఫోను చేసి తొందరపెట్టేవాడు ఎవరైనా సరే, ఫోను పెట్టేయడమే మేలు. పొరపాటున యాప్ వేసుకుంటే ముందు ఫోను డేటా ఆపాలి, లేదా ఫోనునే ఆపేయాలి. చెయ్యి అక్కడితో తెగిపోతుంది. తర్వాత వేరొకరి ఫోను నుంచి బ్యాంకుకు, సైబర్ నేరాల నంబరు 1930కు చెప్పాలి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోయేలోగా కబురు అందితే ఆపించే వీలుంటుంది. కనుక తెల్లారే దాకా, కొడుకు ఊరి నుంచి వచ్చే దాకా ఆగకుండా ఆ నిమిషంలోనే ఫోను చేయాలి. 1930 రాత్రయినా పలుకుతుంది.